గ్రాఫ్‌లో అక్షరాల సైజు, గుర్తుల సైజు: ముందు అచ్చులో వెడల్పు తేల్చుకోండి

మీరు అడిగినవి మూడు. విశాఖ తీరానికి ఎదురుగా సముద్రంలో తీసిన ఉష్ణోగ్రత, లవణీయత ప్రొఫైళ్లలో (లోతును బట్టి ఆ విలువలు ఎలా మారాయో చూపే గ్రాఫుల్లో) కొన్నింటిని పైథాన్‌లో గ్రాఫులు గీసే మాట్‌ప్లాట్‌లిబ్‌లోనూ, కొన్నింటిని ల్యాబ్‌లో ఉన్న ఆరిజిన్ అనే గ్రాఫ్ సాఫ్ట్‌వేర్‌లోనూ గీశారు. ఫాంట్ 14 పెట్టినా రివ్యూయర్ ‘అక్షరాలు చదవలేకపోతున్నాను’ అని రాశారు. గుర్తు (ఒక్కో విలువ దగ్గర పెట్టే చుక్క) సైజు అన్నిట్లో 6 అనే ఇచ్చినా ఒక్కో బొమ్మలో ఒక్కోలా కనిపిస్తోంది. ఆఖరిది, సైన్స్ డేకి స్కూలు పిల్లల కోసం తెలుగులో లేబుల్స్ పెడితే ఒత్తులు విడిపోతున్నాయి. మూడోది వేరే సంగతి, చివర్లో చెబుతాను. మొదటి రెండింటికీ జబ్బు ఒకటే.

మీ స్క్రిప్టులో ఫిగ్‌సైజ్ 10 బై 8 అని ఉంది. అంటే పది అంగుళాల వెడల్పు. మీరు పంపిన జర్నల్‌లో ఒక కాలమ్ వెడల్పు సుమారు మూడున్నర అంగుళాలు. అక్కడ ఎవరో, లేదా ఏదో ఒక సాఫ్ట్‌వేర్, మీ బొమ్మను 35 శాతానికి కుదించింది. దానితోపాటే 14 పాయింట్ల అక్షరం 4.9 పాయింట్లయింది. మీరు సైజు మార్చకుండా డిఫాల్ట్ 10తో వదిలేసిన యాక్సిస్ అంకెలు 3.5 పాయింట్లకు పడిపోయాయి. రివ్యూయర్ అన్నదాంట్లో తప్పేమీ లేదు.

గైడ్‌గారు ‘ఇంకొంచెం పెద్దది చెయ్యి’ అంటే 14ని 16 చేస్తాం, ఆయన మళ్లీ అంటే 18 చేస్తాం. అప్పుడు లెజెండ్ గీతల మీదికి ఎక్కుతుంది, యాక్సిస్ అంకెలు ఒకదాన్నొకటి తోసుకుంటాయి. ఈ దారిలో వెళ్తే ప్రతి గ్రాఫ్‌కీ ఇదే గొడవ. పాయింటు అనేది కొలత. అంగుళంలో 72వ వంతు, అంటే 0.35 మి.మీ. బొమ్మను అచ్చయ్యే వెడల్పులోనే గీస్తే 8 పాయింట్లు కాగితం మీదా 8 పాయింట్లే. తర్వాత ఎక్కడ కుదించినా, సాగదీసినా మీరిచ్చిన ఆ అంకెకు అర్థం పోతుంది. అందుకే ఫాంట్ సైజు గురించి ఆలోచించేముందు ‘ఈ బొమ్మ ఎంత వెడల్పున అచ్చవుతుంది?’ అన్నది తేల్చుకోండి.

ఎల్‌సెవియర్ జర్నళ్లలో ఒక కాలమ్ 90 మి.మీ., ఒకటిన్నర కాలమ్ 140, పూర్తి పేజీ 190. మామూలు అక్షరాలు 7 పాయింట్లుండాలని, సబ్‌స్క్రిప్టు, సూపర్‌స్క్రిప్టు 6కి తగ్గకూడదని వాళ్ల సూచనల్లో ఉంటుంది. నేచర్‌లో 89, 183 మి.మీ., అక్షరాలు 5 నుంచి 7 పాయింట్లు. నా మట్టుకు నేను ఒక కాలమ్ బొమ్మకు యాక్సిస్ పేర్లు 8, అంకెలు, లెజెండ్ 7, (ఎ), (బి) లాంటి ప్యానెల్ గుర్తులు 9 బోల్డ్ పెడతాను. స్క్రీన్ మీద ఇవి చిన్నగా అనిపిస్తాయి. కాగితం మీద చూడండి, సరిపోతాయి.

థీసిస్ సంగతి వేరు. ఏ4 కాగితం 8.27 అంగుళాలు. బైండింగ్ వైపు ఒకటిన్నర, అటువైపు ఒకటి వదిలితే మిగిలేది 5.77. అందుకని థీసిస్ బొమ్మ 5.7 అంగుళాలకు మించకుండా గీయండి. వర్డ్‌లో బొమ్మ పెట్టగానే మార్జిన్లకు సరిపోయేలా అదే కుదించేస్తుంది, మనకు చెప్పదు కూడా. బొమ్మ మీద రైట్ క్లిక్ చేసి సైజు వివరాల్లో స్కేల్ ఎంత శాతం ఉందో చూడండి. 100 లేకపోతే మీరు పెట్టిన ఫాంట్ సైజు ఆ కాగితం మీద లేనట్టే.

ఇక మాట్‌ప్లాట్‌లిబ్. డిఫాల్ట్ బొమ్మ 6.4 బై 4.8 అంగుళాలు, ఫాంట్ 10, గుర్తు 6, గీత మందం 1.5 పాయింట్లు. 90 మి.మీ. అంటే 3.54 అంగుళాలు, ఫిగ్‌సైజ్‌లో వెడల్పుకు అదే ఇవ్వండి. మిగతావన్నీ ఆర్‌సీపారమ్స్ అనే డిఫాల్ట్ సెట్టింగుల్లో ఒక్కసారి పెట్టేసుకోండి, అదీ బొమ్మ సృష్టించే లైనుకు ముందే. చాలామంది ప్రతి గ్రాఫ్‌లో ప్రతి లేబుల్‌కీ విడిగా ఫాంట్‌సైజ్ ఇచ్చుకుంటూ పోతారు. పన్నెండో గ్రాఫ్‌కి వచ్చేసరికి మొదటిదాంట్లో ఏం పెట్టారో వాళ్లకే గుర్తుండదు. ఒక స్టైల్ ఫైలు రాసుకుని ప్రతి స్క్రిప్టు మొదట్లో దాన్ని పిలిస్తే థీసిస్ మొత్తం ఒకే చేతి పనిలా ఉంటుంది. 90 మి.మీ. బొమ్మకు ఆ ఫైల్లో గీత మందం 1, యాక్సిస్ గీత 0.6, గుర్తు 3 పెట్టి మొదలుపెట్టండి. టైటిల్ సైజు ‘లార్జ్’ అని ఉంటుంది, అది మూల ఫాంట్‌కు 1.2 రెట్లు. పేపర్‌కి వెళ్లే బొమ్మలో టైటిల్ ఎలాగూ ఉండదు, ఉన్నదంతా కింద క్యాప్షన్‌లోనే.

డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలన్న లెక్క) గురించి ఒక అపోహ ఉంది. 300 చాలలేదని 600 పెడితే అక్షరాలు పెద్దవి కావు. 3.54 అంగుళాల బొమ్మ 300 డీపీఐలో 1063 పిక్సెళ్లు, 600లో 2126, అంతే తేడా. బొమ్మతో పోలిస్తే అక్షరాల నిష్పత్తి మారదు. వీలున్నచోట పీడీఎఫ్‌గానే సేవ్ చేయండి, అప్పుడు ఈ బాధే ఉండదు. పీడీఎఫ్ ఫాంట్‌టైప్ 3 నుంచి 42కి మార్చుకుంటే తర్వాత ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు దిద్దే సాఫ్ట్‌వేర్‌లో అక్షరాలు దిద్దుకోవడం తేలిక.

ఇప్పుడు అసలు దొంగ. సేవ్ చేసేటప్పుడు బీబాక్స్ ఇంచెస్ ‘టైట్’ అని పెట్టడం అందరికీ అలవాటు, మీ స్క్రిప్టులోనూ ఉంది. అది చుట్టూ ఉన్న ఖాళీని కత్తిరించేస్తుంది. మీరు 90 మి.మీ. అనుకున్న బొమ్మ 84 మి.మీ.గా బయటికొస్తుంది. లేటెక్‌లో (పేపర్ టైప్‌సెట్ చేసే సాఫ్ట్‌వేర్‌లో) దాన్ని కాలమ్ వెడల్పుకు పెట్టమంటే 90కి సాగుతుంది, అక్షరాలు ఏడు శాతం పెరుగుతాయి. పక్క బొమ్మలో కత్తిరింపు వేరుగా పడుతుంది కాబట్టి దాంట్లో ఇంకోలా పెరుగుతాయి. ‘అన్నిట్లో 6 అనే ఇచ్చాను, ఎందుకు తేడా?’ అన్న మీ ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే ఉంది. టైట్ తీసేసి, బొమ్మ సృష్టించేటప్పుడే లేఅవుట్ ‘కన్‌స్ట్రెయిన్డ్’ అని ఇవ్వండి. అది బొమ్మ కొలత మార్చకుండా లోపలి ప్యానెళ్లను సర్దుతుంది. జూపిటర్ నోట్‌బుక్‌లో కనిపించే బొమ్మకూ టైట్ కత్తిరింపు ముందే తగిలించి ఉంటుంది, పైగా అది స్క్రీన్ వెడల్పుకు తగ్గిపోతుంది. కాబట్టి సైజులు నోట్‌బుక్‌లో చూసి నిర్ణయించకండి. మాట్‌లాబ్ వాడే మీ స్నేహితులకు కూడా చెప్పండి: 2020 నుంచి వచ్చిన ఎక్స్‌పోర్ట్‌గ్రాఫిక్స్ కమాండ్ కూడా ఇలాగే అంచులు కత్తిరిస్తుంది.

మిగతా సగం జవాబు ఆరిజిన్‌లో ఉంది. అక్కడ అక్షరాలు, గుర్తులు మామూలుగా లేయర్ (ఒక్కో ప్యానెల్) ఫ్రేమ్‌తోపాటు పెరిగి తరుగుతాయి. ఒక్క ప్యానెల్ ఉన్న గ్రాఫ్‌లో 22 పాయింట్లు ఒకలా ఉంటే, అదే 22 నాలుగు ప్యానెళ్ల గ్రాఫ్‌లో బాగా చిన్నగా కనిపించేది అందుకే. మౌస్‌తో ఫ్రేమ్‌ని కాస్త లాగినా సైజులన్నీ కదులుతాయి. ప్లాట్ డీటెయిల్స్ తెరిచి, ఎడమవైపు చెట్టులో లేయర్‌ని ఎంచుకుని, సైజు ట్యాబ్‌లోకి వెళ్లండి (పాత వెర్షన్లలో దాని పేరు సైజ్/స్పీడ్). అక్కడ స్కేల్ ఎలిమెంట్స్ అని ఉంటుంది. ‘స్కేల్ విత్ లేయర్ ఫ్రేమ్’ తీసేసి ‘ఫిక్స్‌డ్ ఫ్యాక్టర్’ ఎంచుకుని 1 ఇవ్వండి. ప్రతి లేయర్‌కీ విడిగా చేయాలి, ఒకదాంట్లో చేస్తే అన్నిట్లో అవ్వదు. ఇలా చేసిన వెంటనే అక్షరాలు ఒక్కసారిగా పెరిగి గ్రాఫ్ వికారంగా కనిపించొచ్చు. భయపడొద్దు, ఇంతకుముందు మీకు కనిపించింది అసలు 22 కాదన్నమాట. పేజీ వెడల్పు కూడా 90 మి.మీ.కి మార్చి, అప్పుడు 8, 7 పెట్టుకోండి. ఒక గ్రాఫ్ కుదిరాక దాన్ని టెంప్లేట్‌గా సేవ్ చేసుకోండి. ముందే గీసేసిన గ్రాఫులుంటే కాపీ ఫార్మాట్, పేస్ట్ ఫార్మాట్‌తో పని జరుగుతుంది.

ఒకే పేపర్‌లో సగం బొమ్మలు ఆరిజిన్‌లో, సగం పైథాన్‌లో ఉండటం నాకైతే నచ్చదు. సైజులు కలిపినా ఫాంట్ కలవదు. మాట్‌ప్లాట్‌లిబ్ డిఫాల్ట్ డెజావు సాన్స్ వెడల్పైన ఫాంట్, చిన్న అక్షరాలు కూడా ఎత్తుగా ఉంటాయి. అదే 8 పాయింట్లలో టైమ్స్ పెడితే ఒక సైజు తక్కువైనట్టు కనిపిస్తుంది. ఏరియల్‌లో 8 పాయింట్లంటే పెద్ద అక్షరం ఎత్తు నిజానికి 2 మి.మీ. మాత్రమే. రెండు చోట్లా ఏరియల్ పెట్టండి. మీ ల్యాబ్ మెషీన్‌లో లైనక్స్ ఉంటే ఏరియల్ ఉండకపోవచ్చు. అప్పుడు మాట్‌ప్లాట్‌లిబ్ ‘ఫాంట్ దొరకలేదు’ అని ఒక హెచ్చరిక రాసి మళ్లీ డెజావుకే వెళ్లిపోతుంది. ఆ హెచ్చరికలను ఎవరూ చదవరు.

సూపర్‌స్క్రిప్టు దగ్గర ఇంకో చిక్కు. క్లోరోఫిల్ యూనిట్‌లో ఘనమీటరు మీద ఉండే ఘాతాంకాన్ని మాట్‌ప్లాట్‌లిబ్ మామూలు అక్షరంలో 0.7 వంతుకు తగ్గిస్తుంది. 7 పాయింట్ల లేబుల్‌లో అది 4.9 అవుతుంది, 6 ఉండాలన్న నియమం తప్పినట్టే. లేబుల్ కనీసం 8.6 ఉంటే తప్ప ఘాతాంకం 6 దాటదు. నేనైతే ఆ ఒక్క లేబుల్‌ని 9 చేస్తాను.

గుర్తుల గురించి కొంచెం ఆగి మాట్లాడుకోవాలి. మీ బొమ్మలో అసలు నష్టం అక్షరాల వల్ల కాదు, వీటివల్ల జరిగింది. మీది మీటరుకొక విలువతో 200 మీటర్ల లోతు దాకా ఉన్న ప్రొఫైల్. యాక్సిస్ ఎత్తు 100 మి.మీ. అనుకుందాం. ఒక మీటరు లోతుకు కాగితం మీద దక్కేది అర మి.మీ. గుర్తు సైజు 6 పాయింట్లు, అంటే 2.1 మి.మీ. ఒక్కో చుక్క నాలుగు మీటర్ల నీటిని కప్పేస్తోంది. వర్షాకాలం చివర్లో నదుల నీళ్లు దిగి మన తీరంలో పైపొర ఉప్పదనం బాగా తగ్గుతుంది, దాని కింద కొద్ది మీటర్లలోనే లవణీయత గబగబా పెరుగుతుంది. మీ పేపర్ మొత్తం ఆ మలుపు గురించే. ఆ మలుపు మీదే చుక్కలన్నీ గుట్టపడి నల్లటి ముద్దలా ఉంది. ఇంత దగ్గర దగ్గరగా విలువలున్నప్పుడు గుర్తులే వద్దు, గీత చాలు. రెండు స్టేషన్లను తేడాగా చూపాలంటే మార్క్ఎవ్రీ వాడి ప్రతి ఇరవయ్యో విలువకు ఒక గుర్తు పెట్టండి. సీసాల్లో పట్టిన నమూనాల విలువలను మాత్రం గుర్తులుగానే చూపండి, అవి నిజంగా విడివిడి కొలతలు కదా. గీత, చుక్క అన్న తేడాతోనే ఏది సెన్సార్‌ది, ఏది సీసాది అన్నది చదివేవాళ్లకు తెలిసిపోతుంది.

ప్లాట్ కమాండ్‌లో మార్కర్‌సైజ్ 6, స్కాటర్‌లో ‘ఎస్’ 6 ఇచ్చి రెండూ ఎందుకు కలవలేదని కూడా అడిగారు. మార్కర్‌సైజ్ వ్యాసం, పాయింట్లలో. ‘ఎస్’ వైశాల్యం, పాయింట్ల వర్గంలో. ప్లాట్‌లో 6కి సమానం స్కాటర్‌లో 36, అదే దాని డిఫాల్ట్ కూడా. మాట్‌లాబ్‌లోనూ ఇదే పద్ధతి, అవే అంకెలు. చుక్కను రెట్టింపు వెడల్పు చేయాలంటే ‘ఎస్’ నాలుగింతలవ్వాలి. పైగా అంచు గీత చుక్క బయటికి కూడా సగం మందం పాకుతుంది. 4 పాయింట్ల గుర్తుకు 1 పాయింటు అంచు ఉంటే కంటికి కనిపించేది 5. చిన్న గుర్తులకు అంచు 0.3 పెట్టండి లేదా తీసేయండి.

సైజు అంకె ఒకటే అయినా ఆకారాలు సమానంగా కనిపించవు. వృత్తం వ్యాసం, చతురస్రం భుజం రెండూ 6 అయితే చతురస్రం వైశాల్యం 27 శాతం ఎక్కువ. ఒక స్టేషన్ చతురస్రాలు, ఇంకోటి వృత్తాలు అయితే కన్ను ముందు చతురస్రాల మీదికే పోతుంది, ఆ స్టేషన్ ముఖ్యమనుకుంటుంది. చతురస్రాన్ని 5.3కి దించండి. మాట్‌ప్లాట్‌లిబ్‌లో ‘డాట్’ గుర్తు వృత్తంలో సగం సైజులో గీస్తుంది, అదీ గుర్తుంచుకోండి.

మ్యాప్ మీద స్టేషన్లను క్లోరోఫిల్ విలువను బట్టి పెద్దా చిన్నా బుడగలుగా చూపాలనుకుంటే విలువను వైశాల్యానికి కట్టండి, వ్యాసానికి కాదు. వ్యాసానికి కడితే రెండింతల విలువ నాలుగింతలుగా కనిపించి అబద్ధం చెబుతుంది. స్కాటర్‌లో ‘ఎస్’ ఎలాగూ వైశాల్యమే కాబట్టి విలువను ఒక స్థిర సంఖ్యతో గుణించి ఇస్తే చాలు. ఏ సైజు ఎంత విలువో లెజెండ్‌లో రెండు మూడు బుడగలు పెట్టి చూపండి. అక్కడ లెజెండ్ గుర్తుల సైజు మార్చే మార్కర్‌స్కేల్‌ను 1 నుంచి కదపకండి, కదిపితే ఆ లెజెండ్ తప్పు చెబుతుంది.

ఆర్ భాషలో జీజీప్లాట్2 అనే ప్యాకేజీ వాడేవాళ్లు తప్పక తడబడే చోటు ఒకటుంది. థీమ్‌లో ఇచ్చే సైజులు పాయింట్లలో, డిఫాల్ట్ 11. గ్రాఫ్ లోపల పేర్లు రాసే జియోమ్ టెక్స్ట్‌కి ఇచ్చే సైజు మాత్రం మిల్లీమీటర్లలో. అక్కడ 8 అని ఇస్తే దాదాపు 23 పాయింట్ల అక్షరం వస్తుంది. కావలసిన పాయింట్లను 2.845తో భాగించి ఇవ్వాలి. 3.5 వెర్షన్ నుంచి యూనిట్ పాయింట్లే అని చెప్పే వీలొచ్చింది. సేవ్ చేసే జీజీసేవ్ కమాండ్‌లో వెడల్పు, ఎత్తు, యూనిట్ మూడూ మీరే రాయండి. రాయకపోతే స్క్రీన్ మీద ఆ క్షణాన ప్లాట్ కిటికీ ఎంతుంటే అంతే సేవ్ చేస్తుంది, రేపు ఇంకోలా వస్తుంది.

గ్నూప్లాట్ అనే ఇంకో గ్రాఫ్ సాఫ్ట్‌వేర్‌లో, పీడీఎఫ్ రాసే పీడీఎఫ్‌కైరో టెర్మినల్‌కి సైజు సెంటీమీటర్లలో ఇవ్వొచ్చు, కానీ ఫాంట్‌స్కేల్ డిఫాల్ట్ 0.5. దాన్ని 1 చేయకుండా ఫాంట్ 8 అంటే 4 వస్తుంది.

మీ పక్క డిపార్ట్‌మెంట్ వాతావరణ శాస్త్రం వాళ్లు గ్రాడ్స్ అనే మ్యాపులు గీసే సాఫ్ట్‌వేర్ వాడతారు. దాంట్లో కొలతలన్నీ 11 బై 8.5 అంగుళాల పేజీలో అంగుళాలుగా ఉంటాయి. యాక్సిస్ అంకెల డిఫాల్ట్ 0.12 అంగుళం. పేజీ మొత్తాన్ని మూడున్నర అంగుళాలకు దించితే అది 3 పాయింట్ల లోపుకు పోతుంది. తుఫాను ట్రాక్ మ్యాపుల్లో అక్షాంశ, రేఖాంశాల అంకెలు కనిపించకపోవడానికి కారణం ఇదే. యాక్సిస్ అంకెలకు వాడే ఎక్స్ఎల్ఆప్ట్స్, వైఎల్ఆప్ట్స్ కమాండ్లలో మూడో విలువను 0.3 దాకా పెంచుకోవాలి, మ్యాప్ లోపల రాసే పేర్లకు స్ట్రింగ్ సైజును కూడా అంతే.

సెమినార్ స్లైడుకు పేపర్ బొమ్మనే అతికించకండి, వేరే గీయండి. పవర్‌పాయింట్ వెడల్పు స్లైడు 13.33 అంగుళాలు. బొమ్మ 7 అంగుళాలు చేసి అక్షరాలు 18, గీతలు 2.5 పెట్టండి. పోస్టర్‌కైతే మాత్రం పేపర్ బొమ్మే పనికొస్తుంది. 90 మి.మీ. పీడీఎఫ్‌ను మూడింతలు చేస్తే 270 మి.మీ., 8 పాయింట్ల అక్షరం 24 అవుతుంది, గీతలూ గుర్తులూ అదే పాళ్లలో పెరుగుతాయి. ఏ0 పోస్టర్ వెడల్పు 841 మి.మీ. కాబట్టి అలాంటివి పక్కపక్కన మూడు పడతాయి, మధ్యలో ఖాళీ కావాలంటే కాస్త తగ్గించండి.

పంపేముందు పరీక్ష ఒకటే: బొమ్మ పీడీఎఫ్‌ను ఏ4 మీద ప్రింట్ తీసి స్కేలు పెట్టి కొలవండి. యూనివర్సిటీ అవుట్‌గేట్ దగ్గర జిరాక్స్ షాపుల్లో ‘ఫిట్’ ఆన్‌లోనే ఉంటుంది, అబ్బాయికి చెప్పి ‘యాక్చువల్ సైజ్’ పెట్టించండి. లేకపోతే మీ 90 మి.మీ. బొమ్మ పేజీ అంతా పరుచుకుని, అక్షరాలన్నీ బ్రహ్మాండంగా ఉన్నాయనిపిస్తుంది. 90 అంటే 90 రావాలి. వచ్చాక దాన్ని మీ గైడ్‌గారికి మామూలుగా చదివే దూరంలో ఇవ్వండి. ఆయన కళ్లజోడు సర్దుకున్నారా, కాగితాన్ని దగ్గరికి తెచ్చుకున్నారా అన్నది చూసుకుంటే చాలు.

ఇక తెలుగు లేబుల్స్. ‘ఉష్ణోగ్రత’ అని రాస్తే ష కింద ణ ఒత్తు పడకుండా పక్కన పడుతోంది, గుణింతపు గుర్తులు అక్షరానికి అతుక్కోవడం లేదు. ఫాంట్ మార్చి చూశారు, లాభం లేకపోయింది కదా. తప్పు ఫాంట్‌ది కాదు. అక్షరాలను కలిపి, ఒత్తుల్ని కిందికి దించి అమర్చే పని హార్ఫ్‌బజ్ లాంటి లైబ్రరీ చేస్తుంది. మాట్‌ప్లాట్‌లిబ్ చాలాకాలంగా ఆ దశ లేకుండానే అక్షరాలను ఒకదాని పక్కన ఒకటి పేర్చుకుంటూ వచ్చింది. దారులు రెండున్నాయి. ఎమ్‌పీఎల్‌కైరో అనే బ్యాకెండ్ (మాట్‌ప్లాట్‌లిబ్ తరఫున బొమ్మ గీసిపెట్టే భాగం) వేసుకుంటే అది రాక్మ్ లైబ్రరీ సాయంతో తెలుగును సరిగ్గా అమరుస్తుంది. దానికన్నా తేలికైనది, ఎస్‌వీజీ ఫాంట్‌టైప్ ‘నన్’ అని పెట్టి ఎస్‌వీజీగా సేవ్ చేయడం. అప్పుడు లేబుల్ గీతలుగా మారిపోకుండా అక్షరాలుగానే ఉంటుంది. ఇంక్‌స్కేప్‌లో తెరిస్తే ఒత్తులు వాటి చోట్లో ఉంటాయి. ఆర్‌లో చేసేపనైతే రాగ్ అనే ప్యాకేజీలోని డివైస్‌తో సేవ్ చేయండి, ఈ తిప్పలే ఉండవు.

సైజు మాత్రం ఇంగ్లిష్‌కి పెట్టినదే పెట్టకండి. తెలుగులో ఒత్తు కిందికి, గుడి పైకి పోతాయి కాబట్టి అదే పాయింట్లలో అసలు అక్షరం చిన్నగా కనిపిస్తుంది. ఇంగ్లిష్ 8 అయితే తెలుగు 10 పెట్టండి. రెండు లైన్ల లేబుల్ అయితే లైన్ల మధ్య దూరం కూడా పెంచండి, లేకపోతే పై లైను ఒత్తులు కింది లైను గుడులకు తగులుతాయి. ఫిబ్రవరి 28న పిల్లలు నిలబడి చూసే చార్టు కాబట్టి నేనైతే 30కి తగ్గను.

ప్రింట్‌కి ఇచ్చేముందు ఇంక్‌స్కేప్‌లో పీడీఎఫ్‌గా సేవ్ చేస్తూ ‘టెక్స్ట్‌ని పాత్‌లుగా మార్చు’ అన్నది టిక్ చేయండి. ఫ్లెక్స్ షాపుల్లో చాలాచోట్ల యూనికోడ్ కాని అను ఫాంట్లతో పని చేస్తారు, మీ యూనికోడ్ ఫాంట్ అక్కడ ఉండకపోవచ్చు. ఫైలును కోరల్‌డ్రాలో తెరిచిన వెంటనే డబ్బాలు కనిపిస్తాయి, వాళ్లు ‘మళ్లీ టైప్ చేసేస్తాం’ అంటారు. పాత్‌లుగా మార్చిన ఫైలులో టైప్ చేయడానికి అక్షరాలే ఉండవు. దిద్దుబాట్ల కోసం అసలు ఎస్‌వీజీని మీ దగ్గర ఉంచుకోండి.